ఎడమవైపు చోటు

సముద్రం ముందుగా నా సమాధిని తీసుకుపోయింది. నేనింకా బతికే ఉన్నాను కాబట్టి ఆ సంగతి నేనే చెప్పుకోవలసి వస్తోంది.

మా ఆయనది విడవలూరు దాటి తూర్పుగా పోతే, ఇక దారి లేదనిపించే చోట ఉండే చిన్న ఊరు. సగం మంది వల వేస్తారు, సగం మంది వరి వేస్తారు, ఆదివారం అందరూ ఒకే చర్చిలో కూర్చుంటారు. పోయినవాళ్ళను ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బ మీద పూడ్చేవాళ్ళు. తల పడమరకు, కాళ్ళు తూర్పుకు. ప్రభువు వచ్చేనాడు లేచి కూర్చుంటే మొహం పొద్దు పొడిచే దిక్కుకు ఉండాలని. మా తీరంలో ఆ దిక్కున సముద్రం తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి మా వాళ్ళంతా అలలవైపు కాళ్ళు చాపుకుని పడుకుని ఉండేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఇంకో పద్ధతి కూడా ఉంది. పెళ్ళినాడు పాస్టరుగారి ముందు ఆడపిల్ల మగవాడికి ఎడమపక్కన నిలబడుతుంది కదా, మట్టిలో కూడా అట్లాగే పడుకోవాలంటారు. భర్త ముందు పోతే అతనికి ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి చుట్టూ ఇటుకలు పాతుతారు. మా ఆయన పోయిన రోజు నాకు ఒంటిమీద తెలివి లేదు. ఎవరు కొలిచారో, ఇటుకలు ఎవరు తెచ్చారో చూడలేదు. తర్వాత మా వదిన, అంటే మా ఆయన అక్క, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. "ఇది నీది మే," అంది, కొత్తగా కట్టిన ఇల్లు చూపించినట్టు.

నాకు అప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత తర్వాత ఆ చోటంటే ఇష్టం పుట్టింది. నవంబరులో సమాధుల పండగకు ఊరంతా సున్నం బకెట్లు, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని దిబ్బ మీదికి వస్తుంది. నేను ఆయన సమాధికి సున్నం కొట్టి, అదే చేత్తో నా ఇటుకలకు కూడా కొట్టేదాన్ని. లోపల మొలిచిన తీగలు పీకి ఇసుక చదును చేసేదాన్ని. "ఏంది టీచరమ్మా, అప్పుడే పక్క దులుపుకుంటా ఉండావా?" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. మాకు పిల్లలు లేరు. ఈ ఒంటరి బతుకుకు ఒక చివర ఉందని, ఆ చివర ఎక్కడో నాకు తెలుసని, అక్కడ ఆయన ఉన్నాడని, అదే నాకు మిగిలిన ధైర్యం. ఇంతకంటే గొప్ప ధైర్యాలు ఉన్నవాళ్ళు ఉంటారు. నాకైతే అదొక్కటే ఉండేది.

నేను కోవూరులో ఉంటాను. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. రెండు గదుల ఇల్లు, ఒక పాత టేకు మంచం. ఆ మంచం మా పెళ్ళిలో మా అమ్మ పెట్టింది. ఇద్దరికి బాగానే సరిపోవాలి, కానీ ఆయన నట్టనడుమ పడుకునేవాడు. నేను ఎడమవైపు, గోడకు అతుక్కుని. "కాస్త జరగండి," అనేదాన్ని. "ఆఁ, ఆఁ," అనేవాడు. అంగుళం కదిలేవాడు కాదు. కాపురం ఉన్నన్నాళ్ళూ ఇదే రామాయణం. కోపం వచ్చి దిండు తీసుకుని కింద పడుకుంటే, పొద్దున లేచి "మంచం మీద అంత చోటుంటే కింద పండుకున్నావేంది?" అని ఆశ్చర్యపోయేవాడు. ఏం మనిషండీ!

ఇప్పుడు మంచం మొత్తం నాదే. అయినా నేను గోడపక్కనే పడుకుంటాను. నడుముకు నొప్పి ఉంది, డాక్టరు వెల్లకిలా పడుకోమన్నాడు, వెల్లకిలా తిరిగితే ఆయన చోటులోకి చెయ్యి పడుతుంది. ఆ ఖాళీ దుప్పటి తగిలితే నాకు భయం వేస్తుంది. భయమే, ఇంకో పేరు లేదు దానికి. గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటాను.

ఒక్క మనిషికి వంట చేయడం కూడా ఒక శిక్ష. ఎంత చిన్న గిన్నె పెట్టినా అన్నం మిగులుతుంది. చేపల పులుసు మానేశాను, ఒక్కదానికోసం ఒక్క ముక్క పులుసు ఎవరు పెట్టుకుంటారు? టీవీ పెట్టుకుని, దానిమీద అరుస్తూ తింటాను. వార్తలు చదివే అమ్మాయిని తిట్టకపోతే కొన్ని రోజులు నా గొంతు నాకే వినపడదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళు గొంతుకు పని ఉండేది. ఆరో తరగతి సోషల్లో మొదట్లోనే ఆదిమానవుల పాఠం వస్తుంది. ఏటా జూన్‌లో బడి తెరవగానే అదే పాఠం. బయట ఎండ పేల్చేస్తుంటే, పిల్లల చొక్కాలు వీపులకు అంటుకుపోయి ఉంటే, నేను బోర్డు మీద 'మంచు యుగం' అని రాసేదాన్ని. ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచేవారు. "టీచర్, మన నెల్లూరులో గూడా మంచు పడిందా టీచర్?" క్లాసంతా గొల్లుమనేది. పడలేదురా నాయనా, అనేదాన్ని. మంచు యుగం ఒక్కటి కాదు, వస్తూ పోతూ ఎన్నో ఉన్నాయి. చివరిసారి అది బాగా ముదిరినప్పుడు నీళ్ళన్నీ ఉత్తరాన, పెద్ద పెద్ద కొండల మీద గడ్డకట్టుకుపోయాయి. అక్కడ మంచు పెరిగితే ఇక్కడ సముద్రం తగ్గింది. తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టి నాలుగు నిలబెట్టినంత కిందికి దిగిపోయింది. మనకు మంచు రాలేదు, దాని బదులు నేల వచ్చింది. ఇప్పుడు మన పడవలు కనుచూపు దాటి పోయి వల వేసే చోట అప్పుడు గడ్డి ఉండేది. వానలు తక్కువ. ఎండుగాలి. పెన్న కూడా ఇక్కడ సముద్రంలో కలవకుండా ఇంకా చాలా దూరం తూర్పుకు నడిచి పోయేది.

ఆ గడ్డి మీద మనుషులు చిన్న చిన్న గుంపులుగా తిరిగారు. వాళ్ళ తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి బయలుదేరినవాళ్ళు. సముద్రం అంచు పట్టుకుని, గవ్వలూ చేపలూ దుంపలూ తింటూ, ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఆగుతూ, ఎన్నో తరాలు నడిచి వచ్చి ఉంటారని చదువుకున్నవాళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళు నిప్పు వేసుకున్న చోట్లు, పిల్లల్ని కన్న చోట్లు, చచ్చినవాళ్ళను వదిలిన చోట్లు చాలావరకు ఇప్పుడు నీళ్ళకింద ఉన్నాయి. మంచు కరిగింది, సముద్రం పైకి వచ్చింది, మనుషులు వెనక్కి జరిగారు.

ఈ పాఠం ఇంట్లో మా ఆయనకు కూడా తప్పలేదు. ఆయన మైపాడులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. సాయంత్రం చేతులకు గ్రీజుతో వచ్చి, బావి దగ్గర సబ్బుతో రుద్దుకుంటూ అడిగేవాడు.

"ఏం టీచరమ్మా, నీ చుట్టాలు ఈ రోజు యాడదాకా వచ్చినారు?"

"పెన్న దాకా వచ్చారు."

"దాటినారా?"

"వరద ఉంది. తగ్గాక దాటతారు."

"తొందరపడబాకండని చెప్పు. మొగ దగ్గర సుడి ఉంటాది."

ఇట్లా ఏళ్ళ తరబడి ఆ గుంపు మా ఇంట్లో నడిచింది. పప్పు ఉడికేలోగా ఒక వాగు దాటేవాళ్ళు. నేను విసుక్కుంటే ఆయన ఇంకా ఎక్కువ అడిగేవాడు. ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగాడు. "నడవలేని ముసలోళ్ళను ఏం జేసేవాళ్ళు మే? ఆడనే వదిలేసేవాళ్ళా?"

పుస్తకంలో లేదన్నాను. కాళ్ళు విరిగి మళ్ళీ అతుక్కున్న ఎముకలు దొరికాయి కాబట్టి, ఎవరో కూర్చోబెట్టి తిండి పెట్టే ఉంటారని మాత్రం చెప్పాను. తర్వాత నేను బడి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ చూపించాను. ఎక్కడో చలిదేశంలో, మంచు యుగంనాటి ఒకే గుంటలో ఇద్దరు మనుషుల ఎముకలు, పక్కపక్కన, ఎర్రమన్ను చల్లి. ఆయన ఆ బొమ్మను దీపం దగ్గర పెట్టుకుని చూశాడు. "ఇరుకు మంచం మే పాపం," అన్నాడు. "చూడు, ఈయన గూడా జరగలేదు." నేను పుస్తకం లాక్కుని నెత్తిన ఒకటి వేశాను.

మా ఇంట్లో ఒక రాయి ఉంది, అది కూడా ఆయన తెచ్చిందే. రోడ్డు పనికోసం పడమటి మెట్ట నుంచి టిప్పర్లలో గ్రావెల్ తోలి కుప్పలు పోశారు. ఆ కుప్పలో దొరికిందట. బాదంకాయ ఆకారం, అరచెయ్యి కంటే కొంచెం పెద్దది, రెండు పక్కలా చెక్కి అంచు తేల్చినట్టు ఉంటుంది. "మే, నీ చుట్టం సామాను మర్చిపొయ్యినాడు చూడు," అంటూ నా ఒళ్ళో పడేశాడు. నా పాఠంలో చేతిగొడ్డలి బొమ్మ ఉంది, అచ్చం అదే. అది ఆ తీరం వెంట నడిచినవాళ్ళది కూడా కాదు, వాళ్ళకంటే చాలా ముందువాళ్ళది అని చెప్పాను. "అయితే నీకు జేజమ్మ వరస," అన్నాడు. పెద్దవాళ్ళెవరికైనా చూపించాలనుకున్నాను, చూపించలేదు. కోవూరులో మధ్యాహ్నం గాలికి మా వీధి తలుపు దడాలున కొట్టుకుంటుంది. ఆ రాయిని తలుపుకు అడ్డం పెట్టుకున్నాం. ఇప్పటికీ అది అక్కడే ఉంటుంది.

వాయుగుండం పట్టి వదిలిన వారంలో వదిన ఫోన్ చేసింది. ఆమె ఎండుచేపల బేరం చేస్తుంది, గొంతు ఎప్పుడూ బజారులో ఉన్నట్టే ఉంటుంది. ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

"అన్నం తిన్నావా మే?"

"తిన్నాను. ఏంది వదినా?"

"నీ చోటు పొయ్యింది."

నాకు అర్థమైంది, అయినా "ఏ చోటు?" అన్నాను.

విడవలూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. దిబ్బ ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. కాళ్ళు తూర్పుకు పెట్టి పడుకున్న మనిషికి ఎడమ అంటే ఉత్తరం. సముద్రం సరిగ్గా ఆ ఈశాన్యం మూలనుంచి దిబ్బను ఏటవాలుగా కోసుకుంటూ వచ్చింది. మా ఆయన సమాధి ఉంది. దాని పక్కన ఇసుక నిట్టనిలువుగా తెగిపోయి ఉంది. నా ఇటుకల్లో ఒకటి మాత్రం అంచున వేలాడుతోంది, ఇంకా సున్నం కూడా పోలేదు. నేను చూస్తూ ఉండగానే అది కూడా జారి నీళ్ళలో పడింది. "ఓసి నీ దుంపతెగ!" అని సముద్రాన్ని తిట్టాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు మీటింగు పెట్టారు. సంఘ పెద్ద లేచాడు. ఆయన మా ఆయనతో కలిసి పెరిగినవాడు, మంచివాడు, మొండివాడు. పెద్ద వానలు పడేలోపల దిబ్బ మీద ఉన్నవాళ్ళందరినీ తీసి, పంట కాలవ పక్కన ఇచ్చిన కొత్త స్థలంలో పెట్టాలని చెప్పాడు. స్థలం చిన్నది. ఎముకలే కదా, చిన్న చిన్న గుంటలు చాలు అని ఎవరో అన్నారు. పెద్దకు కోపం వచ్చింది.

"మనం మనుషుల్ని పెడతా ఉండామా, మూటలు పెడతా ఉండామా? మనిషికి మనిషంత చోటు ఇయ్యాల్సిందే. అందరికీ ఒకే కొలత గుంత. అందుకనే చెప్తా ఉండా, బతికుండేవాళ్ళకు చోట్లు ఆపేది కుదరదు. ఎవురి పక్కన ఎవురనేది లేదు. వరసలో ఏది వస్తే అది."

నేను లేచాను. "అన్నా, మా ఆయన ఎడమవైపు ఎవరు వస్తారు?"

"వరసలో ఎవురొస్తే వాళ్ళమ్మా."

"నేను పోయాక నన్నెక్కడ పెడతారు?"

"అప్పుడు యాడ ఖాళీ ఉంటే ఆడ. దేవుడికాడ అందరం ఒకటేగదా టీచరమ్మా."

"దేవుడి దగ్గర అందరం ఒకటే. నా పక్కన ఎవరు పడుకుంటారనేది నాకు ఒకటి కాదు," అన్నాను గట్టిగా. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు వచ్చే మాటే, కానీ నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడ ఇంకో క్షణం ఉంటే ఏడ్చేదాన్ని, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇక నాకు మిగిలినవి రెండే దారులు. ఆయన్ని కదిలిస్తే ఆయన క్షేమంగా ఉంటాడు, నేను మాత్రం ఎవరో తెలియనివాళ్ళ మధ్య ఎక్కడో పడతాను. కదిలించకపోతే సముద్రం తీసుకుపోతుంది, అప్పుడు ఇద్దరికీ ఏ చోటూ ఉండదు. సంతకాలు లేవు, ఏమీ లేవు. సరేనని ఒక మాట చెప్పాలి, అంతే. ఆ మాట నా నోటినుంచి రాలేదు. వదిన ఫోన్ చేసినప్పుడల్లా కూర గురించి, కీళ్ళ గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని.

ఒక సాయంత్రం ఇంట్లో ఉండలేక మైపాడు పోయాను. ఆయన షెడ్డు ఉన్న చోట ఇప్పుడు ఎవరో కూల్‌డ్రింకులు అమ్ముతున్నారు. పట్నం నుంచి వచ్చిన జనం గుంపులు గుంపులుగా ఫోటోలు దిగుతున్నారు. వేయించిన చేప తీసుకుని ఇసుకలో కూర్చున్నాను. అమ్మే ఆమె ఆకు చేతికి ఇస్తూ, "ఒక్కతివేనా వచ్చింది?" అంది. మామూలుగా అడిగింది పాపం. అవునని తలూపాను.

ఎదురుగా నీళ్ళు. ఆ నీళ్ళకింద ఎక్కడో దూరంగా నా పాఠంలోని తీరం ఉంది. పిల్లలకు ఎంతసేపూ గుంపు గురించి చెప్పాను. వేటకు గుంపు, నిప్పుకు గుంపు, నడకకు గుంపు. తోడు పోయినదాన్ని గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ గుంపులో నా వయసు ఆడది ఒకతె ఉండే ఉంటుంది. భర్తను ఇసుకలో పెట్టి ఉంటారు. మరునాడు నీళ్ళు వెతుక్కుంటూ గుంపు కదిలి ఉంటుంది, అది కూడా లేచి నడిచి ఉంటుంది. వెనక్కి తిరిగి చూసుకుంటూ ఎంత దూరం నడిచిందో? నా దగ్గర ఆధారాలు లేవు. కానీ నాకు తెలుసు. దానిమీద నాకు జాలి వేయలేదు, అసూయ పుట్టింది. దాని చుట్టూ పది మందైనా ఉన్నారు, నిప్పు దగ్గర కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు. నాకు ఇంత జనంలో చేప అమ్మిన ఆమె తప్ప పలకరించినవాళ్ళు లేరు.

వదినే చివరికి తేల్చింది. ఆమె ఫోన్ చేసి ఈసారి అన్నం సంగతి అడగలేదు. దిబ్బ మీద ఇంకో సమాధి తెగిందని, కుక్కలు వచ్చాయని, మగవాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా ఉంటున్నారని చెప్పింది. "నా తమ్ముడి దాకా రానియ్యను మే. నువ్వు సరే అన్నా, అనకపోయినా," అంది. ఆమె ఏడవడం నేను అంతకుముందు వినలేదు.

"తీయించు వదినా. నేను వస్తున్నా," అన్నాను. నా చోటు సంగతి ఇంక ఎత్తలేదు. ఎవరితో ఎత్తాలి?

ఆ రోజు పొద్దున్నే బయలుదేరుతూ తలుపు దగ్గరి రాయిని సంచిలో వేసుకున్నాను. అప్పుడు ఆయనకు చూపించిన పుస్తకం బొమ్మలో ఆ ఇద్దరి పక్కనా వాళ్ళ సామాన్లు పెట్టి ఉన్నాయి. ఈయనకు కూడా ఏదో ఒకటి ఇచ్చి పంపుదామనిపించింది. సంచి బరువుకు బస్సులో పక్కామె, "ఏం మోస్తా ఉండావు పెద్దమ్మా?" అంది. "మా జేజమ్మను," అన్నాను. ఆమె అవతలికి జరిగి కూర్చుంది.

దిబ్బ మీద ఇసుక తేలిగ్గానే వచ్చింది. పెట్టె చెక్క ముట్టుకుంటే పొడి అయిపోతోంది. లోపల ఉన్నదాని గురించి ఎక్కువ చెప్పను. భయపడతానేమో అనుకున్నాను, భయం వేయలేదు. చాలా శుభ్రంగా ఉన్నాడు. వదినా నేనూ తెల్లగుడ్డ పరిచి, ఒక్కొక్కటీ తీసి దులిపి పెట్టాం. కుడిచేతి బొటనవేలు ఆయన ఇంజను కింద నలగ్గొట్టుకున్నాడు ఒకసారి. ఆ ఎముక వంకరగా అతుక్కుని ఉంది. ఆ నెలంతా అన్నం కలిపి తినిపించింది నేనే. దాన్ని కాసేపు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. దాన్ని కూడా పెట్టాక వదిన గుడ్డ నాలుగు కొసలూ కట్టింది.

ట్రాక్టరు తెచ్చారు గానీ చాలామంది ఎక్కించలేదు. ఎవరి మూట వాళ్ళే చేతుల్లో పట్టుకుని కాలవ కట్టమీద నడిచారు. ముందు పాస్టరుగారు, వెనక ఊరంతా. తాతను మోసేవాడు, తల్లిని మోసేవాడు, పురిట్లో పోయిన బిడ్డను చిన్న మూటగా ఒడిలో పెట్టుకున్న ఆమె. వెనక సముద్రం వినిపిస్తూనే ఉంది. ఉద్యోగమంతా బోర్డు మీద సుద్దముక్కతో బాణం గుర్తులు గీసి, సముద్రం వచ్చింది, మనుషులు వెనక్కి జరిగారు అని ఎంత తేలిగ్గా చెప్పానో! ఎవరిని ఎత్తుకుని జరిగారని ఒక్క పిల్లా అడగలేదు, నాకూ తోచలేదు. మా ఆయన అంత పెద్ద మనిషి, నా చేతుల్లో పసిబిడ్డంత బరువు కూడా లేడు.

"యాడదాకా వచ్చినారు?" అని అడిగేవాడు ఎవరూ లేరు. కాలవ దాకా వచ్చామండీ, అని నేనే లోపల చెప్పుకున్నాను.

కొత్త స్థలం బంకమన్ను. గుంటలు వరుసగా తవ్వి ఉన్నాయి. ఎముకలకే కాబట్టి నడుంలోతే తవ్వారు. పొడుగు మాత్రం పెద్ద చెప్పినట్టే, మనిషికి మనిషంత. ఒకదానికొకటి దగ్గర దగ్గరగా, మధ్యలో మనిషి అడుగు పెట్టే సందు కూడా లేదు. మా ఆయన ఎడమవైపు గుంటలో అప్పటికే ఎవరో ముసలాయన్ని దించేశారు. నేను అటు చూడకుండా మొహం తిప్పుకున్నాను.

సంఘ పెద్ద గుంటలోకి దిగి, నా చేతుల్లోంచి మూట అందుకుని, భద్రంగా మధ్యలో పెట్టి పైకి వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకోలేదు. అంత పొడుగు గుంటలో అంత చిన్న మూట. నట్టనడుమ. చుట్టూ అంత చోటు పెట్టుకుని, మా టేకు మంచం మీద పడుకున్నట్టే, అచ్చం అట్లాగే.

ఆమెన్ అన్నారు. పారలు ఎత్తారు.

"ఆగండి," అన్నాను.

నేను గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాను. "ఓ తల్లీ, నీ మోకాళ్ళు!" అని వదిన అరిచింది. అరుస్తూనే చెయ్యి అందించింది. దిగాను. ఆయనకు కుడివైపు అడుగున ఒక పెద్ద మట్టిగడ్డ గోడకు అంటుకుని ఉంది. చేత్తో లాగితే రాలేదు. సంచి అడిగి రాయి తీశాను. అరచేతిలో సరిగ్గా కూర్చుంది. ఆ మొన అంచుతో బంకమన్ను చెక్కడం మొదలుపెట్టాను. ఆయనతో పెట్టి పంపుదామనుకున్న రాయి, నాకు పని చేసి పెడుతోంది. ఇంక దాన్ని ఎందుకు పంపుతాను, నా తలుపుకే కావాలి. గడ్డ ముక్కలు ముక్కలుగా ఊడింది. కుడి గోడ పక్కన చదును అయింది.

"ఏం జేస్తా ఉండావు టీచరమ్మా?" అన్నాడు పెద్ద.

"ఆయన్ని ఈ పక్కకు పడుకోబెడుతున్నా."

"ఏం, మధ్యలో బాగనే ఉండాడుగదా?"

"మధ్యలో ఉంటే నేను పట్టొద్దా అన్నా?"

వెనకనుంచి ఎవరో, బతికుండేవాళ్ళకు చోటు లేదని కమిటీలో అనుకున్నాం కదా అని గొణిగారు. వదిన అటు తిరిగింది. బజారు గొంతు మళ్ళీ వచ్చింది.

"ఎవుర్రా అది? అది మిమ్మల్ని చోటు అడగలేదే! మొగుడి మంచంలో పండుకుంటానంటా ఉంది. దానికి గూడా మీ కమిటీ కావాల్నా?"

పెద్ద తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత పారలు పట్టుకున్నవాళ్ళతో, "ఆమె పైకి వచ్చిందాకా మట్టి వెయ్యబాకండి," అన్నాడు.

నేను మోకాళ్ళ మీద వంగి మూట మీద రెండు చేతులూ వేశాను. ఎడమవైపు ఎంత చోటు కావాలో నాకు తెలుసు, కాపురమంతా దాంట్లోనే పడుకున్నాను.

"కాస్త జరగండి," అన్నాను.

ఏనాడూ అంగుళం కదలని మనిషి, చెయ్యి వేయగానే జరిగాడు. అంత తేలిగ్గా జరిగేసరికి నాకు ఏడుపు ఆగలేదు.